బొమ్మ కారులో మూడు వైర్లు

పిల్లలు ఎక్కి నడిపే బ్యాటరీ కారులో కాలి కింద ఉండే పెడలును అందరూ యాక్సిలరేటర్ అనే అంటారు. విప్పి చూస్తే లోపల ఉండేది కాలింగ్ బెల్లు స్విచ్చికి అన్నలాంటిది. నొక్కితే కరెంటు పారుతుంది, వదిలితే ఆగుతుంది. ఎంత తొక్కితే అంత వేగం అనే లెక్క మామూలు బొమ్మ కారులో ఉండదు. పిల్లాడు పళ్లు బిగించి తొక్కినా, బొటనవేలితో తాకినా బండి పోయేది ఒకే వేగంతో. స్విచ్చే అయినప్పుడు అది కాలి కిందే ఎందుకుండాలి? స్టీరింగ్ మీద పెట్టొచ్చు, మోచేతి పక్కన పెట్టొచ్చు, తల వెనక పెట్టొచ్చు. అప్పుడు కాళ్లు సహకరించని పిల్ల కూడా డ్రైవరే. అమెరికాలో పదేళ్లకు పైగా సాగుతున్న ఒక చక్కని చేతిపని మొత్తం ఈ చిన్న ప్రశ్న మీద నిలబడి ఉంది.

డెలవేర్ విశ్వవిద్యాలయంలో ఫిజికల్ థెరపీ బోధించిన కోల్ గాలొవే, మెకానికల్ ఇంజనీరు సునీల్ అగ్రవాల్‌తో కలిసి మొదట తయారు చేయించింది రోబో బండి. ఏడాది నిండని పిల్లలు కూడా దాని మీద కూర్చుని జాయ్‌స్టిక్ పట్టుకుని గదంతా తిరిగారు. అయితే అది ప్రయోగశాల సరుకు. ఖరీదు ఎక్కువ, ఇంటికి పంపే వీలు తక్కువ. గాలొవే చూపు బొమ్మల దుకాణం వైపు మళ్లింది. దుకాణంలో దొరికే కారును విప్పి, పిల్ల ఒంటికి తగ్గట్టు మార్చి ఇచ్చే పని 2012 నాటికి ‘గో బేబీ గో’ పేరుతో ఊపందుకుంది. తల్లిదండ్రులు, థెరపిస్టులు, ఇంజనీరింగ్ విద్యార్థులు ఒకే బల్ల చుట్టూ చేరి ఒక్క పూటలో కారు మార్చి, ఆ సాయంత్రమే పిల్లను ఎక్కించి పంపేవారు. ఎలా చేయాలో దాచుకోకుండా అడిగినవారందరికీ నేర్పారు. పేటెంటు గోల పెట్టుకోలేదు కాబట్టే అది అన్ని ఊళ్లకు పాకిందని నేను అనుకుంటాను.

ఇంత హడావిడి ఎందుకంటే, పసిపిల్ల తనంతట తాను కదలడం ఒట్టి కాళ్ల వ్యవహారం కాదు. పాకడం వచ్చిన పిల్లలకు ఎత్తంటే భయం తెలుస్తుందని, దూరాలు అంచనా కట్టడం, మనుషుల చూపు ఎటు పోతోందో గమనించడం మెరుగవుతాయని బర్క్‌లీలోని జోసెఫ్ కాంపోస్ బృందం చాలా ఏళ్లు పరిశోధించి చూపింది. సెరిబ్రల్ పాల్సీతోనో, వెన్నెముక లోపంతోనో పుట్టిన బిడ్డను ఎవరో ఒకరు ఎత్తుకునే తిప్పుతారు. ఎత్తుకున్నవాళ్లు ఎటు తిరిగితే అటే ఆ బిడ్డ ప్రపంచం. పిల్లల పవర్ వీల్‌చెయిర్‌కు వేల డాలర్లవుతుంది, కారులో పట్టదు, మూడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వడానికి పెద్దలు సాధారణంగా ఒప్పుకోరు. బొమ్మ కారు మార్పు రెండు మూడు వందల డాలర్లలో తేలిపోతుంది. దీని మీద వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం కొద్దిమంది పిల్లలతో చేసినవేనని కూడా చెప్పాలి. అద్భుతాలు ఆశించి మొదలుపెట్టే పని కాదిది.

ఇక వైర్ల సంగతికి వద్దాం. పన్నెండు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, వెనక చక్రాలకు చెరొక మోటారు, ముందుకూ వెనక్కూ ఒక లివరు, పెడలు, ఫ్యూజు. ‘పవర్ వీల్స్’ బ్రాండు రెండు మోటార్ల బండ్లలో రెండు వేగాలు రావడానికి గేర్లు మార్చరు, మోటార్ల జోడింపు మారుస్తారు. సిరీస్‌లో ఉంటే ఒక్కో మోటారుకు ఆరు వోల్టులే అందుతాయి, గంటకు సుమారు 4 కిలోమీటర్లు. ప్యారలల్‌లో ఉంటే పన్నెండూ అందుతాయి, 8 కిలోమీటర్లు. థెరపీ కోసం మార్చే బండిలో ఆ రెండోదాన్ని మూసేయడమే మంచిది.

ఈ బండ్ల పెడలు నుంచి వచ్చేవి మూడు వైర్లు. ఒకటి కామన్. నొక్కినప్పుడు దానితో కలిసేది రెండోది, పరుగు వైరు. వదిలినప్పుడు కలిసేది మూడోది. చాలామంది తడబడేది ఈ మూడోదాని దగ్గరే. పెడలు వదలగానే ఇది మోటారు రెండు కొసలనూ ఒకదానికొకటి షార్టు చేస్తుంది. దొర్లుతున్న చక్రాలు మోటారును తిప్పుతుంటే మోటారు డైనమో అయి కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే చక్రాలను వెనక్కి లాగి ఆపుతుంది. వేరే బ్రేకు ఈ బండికి లేదు. కొత్త బటన్‌కు మొదటి రెండు వైర్లు మాత్రం కలిపి మూడోదాన్ని గాలికి వదిలేస్తే కారు కదులుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. కానీ గేటు దగ్గరి ఏటవాలులో బటన్ వదిలినా అది ఆగదు.

ఏ వైరు ఏదో రంగు చూసి నమ్మకూడదు. బ్యాటరీ ప్లగ్గు పీకేసి, పెడలు వైర్లను విడదీసి, మల్టీమీటరును బీప్ మీద పెట్టాలి. పెడలు వదిలి ఉన్నప్పుడు బీప్ ఇచ్చే జతను, నొక్కినప్పుడు బీప్ ఇచ్చే జతను కాగితం మీద రాసుకోవాలి. రెండు జతల్లోనూ ఉన్న వైరే కామన్.

పిల్లలు నొక్కే పెద్ద రంగు బటన్లు ప్రత్యేకంగా దొరుకుతాయి. అయిదు అంగుళాల వెడల్పు, ఏ మూల తాకినా పనిచేస్తాయి, కొసన హెడ్‌ఫోన్‌కు ఉండే రకం మూడున్నర మిల్లీమీటర్ల పిన్ను ఉంటుంది. ఆ సన్నని పిన్ను మీదుగా మోటారు కరెంటు పంపకూడదు. కారు కదిలే మొదటి క్షణంలో మోటారు లాగేది మామూలుకు ఎన్నో రెట్లు. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి, అంటే రిలే, పెట్టేది అందుకే. కార్ల హారన్‌కు, హెడ్‌లైట్లకు వాడే అయిదు కాళ్ల రిలే చాలు. దాని కాళ్ల మీద 30, 87, 87ఎ, 85, 86 అని అచ్చు వేసి ఉంటుంది. కామన్ వైరు 30కి, పరుగు వైరు 87కి, బ్రేకు వైరు 87ఎకి. పెడలు మూడు వైర్లూ అలా కుదురుకుంటాయి, ఒక్కటీ మిగలదు. 85, 86 కాళ్ల మధ్య ఉన్న కాయిల్‌కు ఫ్యూజు దాటాక తీసుకున్న కరెంటును బటన్ మీదుగా ఇవ్వాలి. ఆ కాయిల్ లాగేది ఆంపియరులో ఆరో వంతో ఎంతో, బటన్‌కు అది లెక్కలోది కాదు. కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడు, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా వేస్తే, బటన్ వదిలినప్పుడల్లా లోపల నిప్పురవ్వ రేగి పాయింట్లు తినేయడం తప్పుతుంది. ఆరు వోల్టుల చిన్న కారైతే పన్నెండు వోల్టుల రిలే లాగదు, ఆరు వోల్టులదే వెతకాలి.

మన దగ్గర అమ్ముడుపోయే కార్లలో చాలావాటికి తల్లిదండ్రుల చేతిలో రిమోట్, సీటు కింద ఒక కంట్రోల్ బాక్సు ఉంటాయి. అలాంటి చోట పెడలు నుంచి బాక్సుకు రెండే సన్నని వైర్లు వెళ్తాయి, కేవలం సైగ అందించడానికి. అప్పుడు రిలే అక్కర్లేదు. బటన్ వైర్లు ఆ రెంటికీ ప్యారలల్‌గా కలిపితే పని అయిపోతుంది, పెడలూ ఎప్పటిలా పనిచేస్తుంది, పిల్ల అక్క కూడా నడుపుకోవచ్చు.

జాయింట్లు టేపు చుట్టి వదిలేయొద్దు. మే నెల ఎండకు టేపు జిగురు కారి ఊడొస్తుంది. సోల్డరు పెట్టి, హీట్ ష్రింక్ స్లీవు ఎక్కించాలి. (స్లీవును వైరుకు ముందే తొడగాలని సోల్డరు చల్లారాక గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ.) మోటారు దారిలో పాత వైరు కంటే సన్నది వాడకూడదు. ఇవన్నీ అయ్యాక, సీటు వెనక పెద్దవాళ్ల చేతికి అందేలా ఒక ఆపు స్విచ్చి. దాన్ని రిలే కాయిల్ దారిలో పెట్టేవాళ్లున్నారు, తేలిక కాబట్టి. నేను ఒప్పుకోను. రిలే పాయింట్లు వేడికి అతుక్కుపోతే కాయిల్ ఆపినా బండి ఆగదు. ఆపు స్విచ్చి బ్యాటరీ ప్లస్ వైరు మీదే, మొత్తం కరెంటు మోసేంత గట్టిదే ఉండాలి.

ఇది ఉత్త భయం కాదు. 1998 అక్టోబరులో అమెరికాలో సుమారు కోటి పవర్ వీల్స్ బండ్లను వెనక్కి పిలిచారు. వైరింగు వేడెక్కి మంటలు రావడం, కొన్ని బండ్లు ఆగకపోవడం కారణం. సంగతి ప్రభుత్వానికి సకాలంలో చెప్పనందుకు 2001లో కంపెనీ 11 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. ఫ్యాక్టరీ వైరింగుకే ఆ గతి పడితే, ఫ్యూజు తీసేసి రాగి తీగ చుట్టే మన అలవాటును ఏమనాలి? ఫ్యూజు మోటారు కోసం ఉన్నదని పొరబడతారు. అది కాపాడేది వైరును.

ఇదే కారు మీద ఇంకో మోజు కూడా నడుస్తోంది. బోల్టులు బిగించే డ్రిల్లు బ్యాటరీ తెచ్చి పన్నెండు వోల్టుల మోటారుకు పద్దెనిమిదో ఇరవయ్యో ఎక్కిస్తారు. వేగం వస్తుంది, దానితోపాటు ప్లాస్టిక్ గేర్ల పళ్లు రాలతాయి, మోటారు బ్రష్షులు మాడతాయి. షికాగోలో 2009లో మొదలైన పందేల్లో పెద్దవాళ్లే ఇలా మార్చిన బొమ్మ కార్లెక్కి పోటీ పడతారు, బండికి 500 డాలర్లు దాటకూడదన్న షరతుతో. హెల్మెట్లు పెట్టుకున్న పెద్దలు ఏం చేసుకున్నా సరే. మూడేళ్ల పిల్లను కూర్చోబెట్టే బండికి ఆ విద్య వద్దు.

వైరింగు అయ్యాక మిగిలేది పిల్ల ఒంటికి ఆసరా కట్టడం. ఇది వైరింగు కంటే ఎక్కువ సమయం తింటుంది. మెడ నిలవని పిల్లకు నీళ్ల పైపులకు వాడే పీవీసీ గొట్టాలతో చట్రం, దానికి ఈత కొట్టేటప్పుడు పట్టుకునే స్పాంజి గొట్టాల తొడుగు, వీపుకు ఈత పలక, ఛాతీ మీదుగా వెల్క్రో పట్టీ. బటన్ ఎక్కడన్నది వైరింగు చేసేవాడు తేల్చకూడదు, థెరపిస్టు తేల్చాలి. కుడి చేత్తోనే అన్నీ చేసే పిల్లకు, థెరపిస్టు కావాలనే బటన్‌ను ఎడమవైపు పెట్టిస్తారు, ఆ చేయి కూడా పనిలోకి రావాలని.

ఈ ఆలోచనను ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో శామ్ లోగన్ ఇంకొక మెలిక తిప్పాడు. స్విచ్చిని సీట్లో పెట్టి తిరగేశాడు. కూర్చుంటే ఆగుతుంది, లేచి నిలబడితేనే కదులుతుంది. థెరపీ గదిలో ‘నిలబడమ్మా’ అని పదిసార్లు బతిమాలే పని అక్కడ ఉండదు. పిల్లకు గోడ దాకా వెళ్లాలని ఉంది, వెళ్లాలంటే లేవాలి. రిలే భాషలో చెబితే తేడా అంతా 87కీ 87ఎకీ మధ్యే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సామాను కొరత లేదు. రిలే ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో, డయోడులూ జాకులూ పుష్‌బటన్లూ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో, పీవీసీ గొట్టం ఏ శానిటరీ షాపులోనైనా. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర పథకం ఆడిప్‌లో మోటారు ట్రైసైకిల్ 16 ఏళ్లు నిండినవారికే. రెండేళ్ల పిల్లకు ఇంకా పద్నాలుగేళ్లు. హారన్ రిలే కట్టే ఎలక్ట్రీషియన్‌కు ఆ పిల్ల సంగతి తెలియదు, ఆ పిల్లను వారం వారం చూసే ఫిజియోకు రిలే సంగతి తెలియదు. తిరుపతిలో స్విమ్స్ ఫిజియోథెరపీ కళాశాల ఉంది, ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. రెంటి మధ్యా ఉన్నది ఆటోలో వెళ్లి వచ్చేంత దూరం.