‘మీరు పోతే’ అనకుండా అమ్మేవాడు

ఎవరూ కోరి కొనుక్కోని సరుకు జీవిత బీమా. దాన్ని అమ్మాలంటే ‘మీరు పోతే’ అనాలి. మన ఇళ్లలో ఆ మాట నోటెంట వస్తే ‘శుభం పలకరా మంకెన్నా’ అని కసురుకుంటారు. 1956లో ఎల్‌ఐసీ పుట్టిందగ్గర్నుంచి ఊరూరా ఈ గడ్డు బేరం ఏజెంటు నెత్తినే పడింది.

మంచి ఏజెంటు చావు ఊసెత్తడు. పిల్లల చదువుతో మొదలుపెట్టి అమ్మాయి పెళ్లి దాకా వస్తాడు. తనను చూసి పక్క సందులోకి తప్పుకునేవాళ్లున్నారని ఆయనకూ తెలుసు. టీ తాగి, పాలసీ మాటెత్తకుండా లేచి వెళ్లడమూ పనితనమే.

అసలు నేర్పు సంతకం తర్వాత కనిపిస్తుంది. ప్రీమియం గడువు దాటితే నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులు, ఏడాదికోసారి కట్టేవాళ్లకు 30 రోజులే వెసులుబాటు. ఫోన్ చేసి గుర్తుచేస్తాడు. పెళ్లయ్యాక నామినీ పేరు మార్పిస్తాడు. ఇంటాయన పోతే మరణ ధ్రువపత్రం, బాండు, బ్యాంకు ఖాతా వివరాలు కూర్చి, క్లెయిమ్ ఫారం తనే నింపిపెడతాడు.

కమీషన్ కోసం అక్కర్లేని పాలసీలు అంటగట్టేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ గడువు దాకా బతికుంటే పైసా తిరిగిరాని మామూలు టర్మ్ పాలసీని ఓపిగ్గా వివరించి అమ్మేవాడు గట్టివాడు. అలాంటివాడు తలుపు తడితే కూర్చోబెట్టి వినండి. కొంటే మాత్రం సిగరెట్ అలవాటు, పాత జబ్బులు ఫారంలో దాచకండి.