‘ట్రైఫిల్స్’ నాటకమున జ్ఞాపకన్యాయము

పాణినీయసూత్రమున వ్యర్థమని తోఁచు పదము కంఠోక్తము గాని యొక విశేషమును దెలుపును. దానిని వైయాకరణులు జ్ఞాపకమందురు. అమెరికా విదుషి సూసన్ గ్లాస్పెల్ 1916లో రచించిన ‘ట్రైఫిల్స్’ అను ఏకాంకిక కీ న్యాయమే ప్రాణము. అల్పవిషయములని యా పేరున కర్థము.

భర్తను జంపెనను నింద మోచిన మిన్నీ రైటు రంగమున నొక్కమాఱైనఁ గానరాదు. చలికిఁ బగిలిన పండ్లపాకపు సీసాలు, కుట్టు దప్పిన బొంతపేలిక, విఱిగిన పంజరపుఁదలుపు, మెడ నులుమఁబడిన పాటపిట్ట, ఇవియే యామె జీవితమును జెప్పును. అధికారులు వీనిని జూచి నవ్వి, మేడమీఁదను గొట్టమునను సాక్ష్యము వెదకుదురు. పొరుగింటి గృహిణియు షెరీఫు భార్యయు మాత్రమే వీని యర్థము గ్రహించి, పిట్టను దాఁతురు.

ఇది న్యాయద్రోహమని యాక్షేపింపవచ్చును. 1900లో అయోవా రాష్ట్రమున జరిగిన యొక హత్యను గూర్చి రచయిత్రి విలేఖరిగా వ్రాసెను; ఆ విచారణమున తీర్పరులందఱును బురుషులే. స్త్రీబాధ నెఱుఁగనివారి తీర్పు పూర్ణన్యాయ మెట్లగును? అయినను రచయిత్రి హత్యను బొగడలేదు. పొరుగింటి గృహిణి తాను చాలకాలముగా మిన్నీని జూడఁబోకుండుటయే నేరమని వగచును. నాటకపు బరువంతయు నా వగపుననే యున్నది.

జ్ఞాపకమునకు అన్యత్ర ఫలముండవలెనని శాస్త్రమర్యాద. ఈ నాటకమును జదివినవాఁడు తన యింటి వంటగదిని మఱియొకమాఱు పరికించి చూచెనేని, అదియే యన్యత్రఫలము.