తాజ్‌మహల్ ముందరి పచ్చిక

తాజ్‌మహల్ అనగానే ఒక పటం కళ్ళకు కడుతుంది: సన్నని నీటికాలువ, ఇరువైపులా కత్తిరించిన పచ్చిక, అడ్డులేకుండా తెల్లని గుమ్మటం. భారతదేశానికి గుర్తుగా లోకమంతటా తిరుగుతున్నది ఈ పటమే. తాజ్ మనదా, పరాయిదా అని వాదులాడుకునే ఇరుపక్షాలూ చూపేది కూడా దీనినే. ఇందులో షాజహాను పాలెంత, కర్జను పాలెంత అని అడిగేవారు మాత్రం అరుదు.

మొగలులు వేసినది చార్‌బాగ్. ఖుర్ఆన్ వర్ణించిన స్వర్గవనాల నీడ, ఫలాలు, ప్రవాహాలు ఆ తోటకు మూలభావం. 1899 నుండి 1905 వరకు వైస్రాయిగా ఉన్న కర్జను హయాంలో అక్కడి గుబురు చెట్లను చాలవరకు తొలగించి, ఇంగ్లండు ప్రభువుల ఉద్యానాల తరహాలో పచ్చిక పరిచారు. సమాధి దూరం నుండే ఒక్కచూపులో కనబడాలన్నది ఆయన అభిరుచి. ఆయనను నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. శిథిలమవుతున్న కట్టడాలకు ధనం సమకూర్చాడు, 1904లో వాటి పరిరక్షణకు చట్టం చేయించాడు. కాని కాపాడినవాడే అందమంటే ఏమిటో కూడా నిర్ణయించాడు. సమాధి లోపల వేలాడే దీపం సైతం ఆయన కైరోలో చేయించి ఇచ్చిన కానుకే! మొగలుల సమాధికి ఈజిప్టు మమ్లూకుల తీరు దీపం. ఆయన దృష్టిలో తూర్పుదేశాలన్నీ ఒకటే కాబోలు.

అంతకుముందు కుతుబ్ మీనార్‌పై ఇదే ధోరణి నవ్వులపాలయింది. 1803 భూకంపంలో కూలిన శిఖరం స్థానే రాబర్ట్ స్మిత్ అనే ఇంజనీరు 1828లో వంగదేశపు ఫక్కీ మండపం నిలిపాడు. 1848లో దానిని దింపించారు.

తరువాత ధోరణి మారింది. జాన్ మార్షల్ 1923లో ప్రచురించిన సంరక్షణ నియమాలు పాతదాన్ని ఉన్నదున్నట్లు నిలపడమే మేలన్నాయి. శిథిలంలో సౌందర్యం చూచే ఈ చూపు రస్కిన్ నాటి ఇంగ్లండుది. స్వతంత్ర భారత పురావస్తు శాఖ కూడా దశాబ్దాలపాటు దీనినే అనుసరించింది. ఫలితంగా శిల్పి చేయి అనుమానాస్పదమయింది. కొత్తగా చెక్కితే కల్తీ, సిమెంటు పూస్తే సంరక్షణ!

మనం వాడే 'మరమ్మతు' అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా వచ్చిన మాట. యాసీన్ సూరాలో శిథిలమైన ఎముకలకు వాడిన 'రమీమ్' కూడా ఆ ధాతువుదే. శిథిలమవడం, బాగుచేయడం రెండూ ఒకే ధాతువులో ఇమిడి ఉన్నాయి. వక్ఫు కట్టడాలను తరతరాలుగా బాగుచేసుకున్నవారికి ఈ రెంటి నడుమ వైరం తోచలేదు.

ఢిల్లీలో హుమాయూన్ సమాధి వద్ద ఆగాఖాన్ ట్రస్టు, పురావస్తు శాఖ కలిసి 2007–2013 మధ్య చేసిన పని అందుకే పరిశీలించదగినది. పైకప్పు మీది 10 లక్షల కిలోల కాంక్రీటును తొలగించి సున్నం వేశారు. ఉజ్బెక్ పనివారిచేత నిజాముద్దీన్ బస్తీ యువకులకు రంగుపలకల విద్య నేర్పించారు. మన కుతుబ్‌షాహీ గోరీల వద్ద 2013లో పని ఆరంభించినది కూడా ఆ ట్రస్టే.

కొత్త పలకలు పాతతనాన్ని చెరిపాయన్న విమర్శ ఉన్నది. నాకది పూర్తిగా సమ్మతం కాదు. మెరుపు పోయినా నిలిచి ఉన్న పాత పలకలను వారు తీయలేదు, రాలినచోటనే కొత్తవి అతికారు. అయితే ఏ కాలపు రూపాన్ని అసలుదిగా ఎంచారో, ఎందుకు ఎంచారో చూడవచ్చినవారికి అర్థమయ్యే భాషలో అక్కడే రాసిపెట్టాలి. తాజ్ పచ్చిక దగ్గర కూడా అటువంటి ఫలకం ఒకటి ఉండవలసినది.