ఉషాపరిణయావతారికలో చెన్నపట్నము

వంశప్రశంస మన కావ్యావతారికలకు ప్రాణము. దానిని పరిశీలించునప్పుడు కవి చెప్పినదానితోపాటు చెప్పక విడిచినదానిని గూడ విమర్శకుడు గుర్తింపవలెను. దామెర్ల అంకభూపాలుని ఉషాపరిణయము ఇందులకు తగిన ఉదాహరణము. చెన్నపట్నపు పుట్టుకకు తెలుగున దొరకు సాక్ష్యములలో నిది ముఖ్యమైనది.

దామెర్లవారు కాళహస్తి ప్రభువులు, చంద్రగిరి రాయల సామంతులు. తన సోదరుడు తండ్రియగు చెన్నప్ప పేర చెన్నపట్నమును నిలిపెననియు, ప్రళయకావేరి మైలాపురముల నడుమ జరుగు పోరును మాన్పుటయే యందులకు కారణమనియు అంకభూపాలుడు వర్ణించెను. ప్రళయకావేరి యనగా పులికాటు. మన ఊత్తుకోట ప్రక్కన పారు ఆరణి నది ఆ తీరముననే సముద్రమును చేరును. ఆ కాలమున పులికాటులో డచ్చివారును, మైలాపురము చెంత శాంతోములో పోర్చుగీసువారును కోటలు కట్టుకొని కలహించుచుండిరి. కావున కవి చెప్పిన కారణము కేవల కల్పన కాదు.

అయితే 1639లో దామెర్ల వేంకటాద్రి ఆంగ్ల కంపెనీకి ఇచ్చిన పత్రమున వేఱొక ముఖము కనిపించును. కోటయు, నాణెముల ముద్రణాధికారమును, రెండేండ్లపాటు పట్టణ పరిపాలనమును, అటుపిమ్మట సుంకములందు సగపాలును కంపెనీకి దక్కెను. నాయకుని కోరికలను కంపెనీ యుద్యోగి ఫ్రాన్సిస్ డే వ్రాసియుంచెను: వర్తకమువలన తన సీమ సంపన్నము కావలెను; పారసీకపు గుఱ్ఱములు రావలెను; పొరుగువారు పైబడినచో ఆ కోట తనకు శరణము కావలెను. ఇంతలో వేంకటాద్రి రాయల యనుగ్రహమును కోలుపోయెను. 1645లో శ్రీరంగరాయలు కంపెనీకి క్రొత్త కౌలునిచ్చి, అందు ఆ పట్టణమును శ్రీరంగరాయపట్నమని తన పేరనే పేర్కొనెను.

కవి పితృభక్తిని, శాంతికాంక్షను ముందు నిలిపి, బేరమును తెరవెనుక నుంచెను. అంతమాత్రమున అతడు సిగ్గుపడి దాచెననుట న్యాయము కాదు. ఆంగ్ల సామ్రాజ్యమును అతడు కలనైనను ఊహింపలేదు. సిగ్గు తరువాతివారిది. పరదేశీయులకు తలుపు తీసినవాడని వేంకటాద్రిని నిందించిన నోళ్లే, మద్రాసు మనదను వాదము చెలరేగిన 1952-53 నాటికి, ఆ దానమునే మన హక్కునకు శాసనముగా చూపసాగెను. అప్పుడు దాత తెలుగువాడగుట చాలెను. పుచ్చుకొన్నవాడెవ్వడను ప్రశ్న మాటునబడెను. పూర్వుని చర్య ఒక్కటే. మన యవసరమునుబట్టి అది ద్రోహమును అయ్యెను, దానమును అయ్యెను.

ఈ మార్పువలన మనకు లాభమేమి? 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను. సత్యవేడు ఆంధ్రకు పోయెను. ఊత్తుకోట ఇటనే నిలిచెను. ఆ పంపకమున పటాస్కర్ గారు గ్రామమును ప్రమాణముగా గొని జనులు మాటలాడు భాషను చూచిరి. వంశప్రశస్తులకు అందు తావు లేకపోయెను. ఇచ్చట తెలుగు నిలుచుట మన యిండ్లలో, బడులలో అది పలుకుటచేతనే గాని, దామెర్లవారు నిష్కళంకులగుటచేత కాదు.

కావున వేంకటాద్రిని కడిగి చూపవలసిన పనిలేదు, వెలివేయవలసిన పనియు లేదు. ఉషాపరిణయమును 1639 నాటి పత్రముతో జోడించి చదివినచో, తండ్రి పేరు నిలిపిన కుమారుడును, సుంకమును పంచుకొన్న పాలకుడును ఒక్క యింటివారే యని తెలియును. పూర్వులను ఈ రెండు రూపములతోను అంగీకరించు జాతికి చరిత్రవలన భయము లేదు.