పిల్లికి పథ్యము

వైద్యమున సగభాగము పథ్యమే యని మన పెద్దలు చెప్పిన మాటను మనుష్యుల విషయమున అందరును అంగీకరింతురు గాని, మాట యెరుగని యొక మార్జాలమునకు జీర్ణకోశవ్యాధి సంప్రాప్తించి, అది వారములు దాటి మాసములు దాటి నిలిచిపోయినపుడు ఆ పథ్యమును పాటింపవలసిన వారెవరో ఆలోచించిన వారరుదు. రోగియైన మనుష్యుడు తన నోరు తాను కట్టుకొనగలడు. పిల్లి నోరు కట్టుట ఇంటిల్లిపాది పని. ఇంటికి వచ్చిపోవు చుట్టముల పని, గోడ కావలి పొరుగువారి పని. ఎల్లారెడ్డిలో ఇట్టి పిల్లినొకదానిని కొంతకాలముగా సాకుచున్నవాడను గనుక ఈ వారము ఆ పరిచర్యను గూర్చియే వ్రాయుచున్నాను.

1922లో పూర్తియైన పోచారము జలాశయపు నీటితో వరి పండు మా ప్రాంతమున వడ్లబస్తాలున్న ప్రతి యింటను ఎలుకలుండును, ఎలుకలున్న చోట పిల్లి యుండును. దానిని ఎవరును కొని తేరు, పెంచుచున్నామని చెప్పుకొనరు. దొడ్డిలో తిరుగుచు, మిగిలిన పాలబువ్వ తినుచు, తన వేట తాను చూచుకొను ఆ ప్రాణికి వాంతియైనచో వెండ్రుకలు మ్రింగినదనియు, విరేచనములైనచో కుళ్ళినదేదో తిన్నదనియు అనుకొని యూరకుండుట వాడుక. ఒకటి రెండు దినముల బాధకు ఆ యుపేక్ష చెల్లును. మూడు వారములకు మించి ఆ బాధ నిలిచినను, బాగుగా తినుచుండియే పిల్లి చిక్కిపోవుచున్నను, అది దీర్ఘవ్యాధియని వైద్యులు గ్రహింతురు. నులిపురుగులు, జియార్డియా వంటి సూక్ష్మజీవులు, ఆహారము పడకపోవుట, ప్రేగుగోడల వాపు, కడకు ప్రేగులలో నెమ్మదిగా పెరుగు లింఫోమాయను క్యాన్సరు—ఇవన్నియు పైకి ఒక్క తీరుననే కనబడును.

ఇచ్చట మన యింటివైద్యపు సూత్రములు రెండు, మనుష్యులకు ఎంతటి మేలు చేసినవైనను, పిల్లి యెడల ప్రమాదకరములగును. మొదటిది లంఖణము పరమౌషధమనునది. కడుపు చెడిన మనము ఒక పూట మానిన తేరుకొందుము. పిల్లి, అందును బలిసిన పిల్లి, కొన్ని దినములు వరుసగా తినకున్న యెడల దేహమందలి క్రొవ్వు కరగి కాలేయమునకు చేరి, అచ్చట పేరుకొని, కామెర్లు పుట్టించి ప్రాణము తీయగలదు. కావున పిల్లి రెండవ దినము కూడ గిన్నె ముట్టలేదన్నచో కారణమును తర్కించుచు కూర్చుండరాదు, దవాఖానకు తీసికొనిపోవలెను.

రెండవది పాలు. డెయిరీ టెక్నాలజీ కళాశాల వెలసిన కామారెడ్డికి సమీపమున నివసించు మాకు పాలు పడని ప్రాణి యుండునని నమ్ముటయే కష్టము. కూనగా నున్నపుడు పాలలోని లాక్టోజు చక్కెరను అరిగించు ఎంజైము పిల్లికి సమృద్ధిగా నుండును. తల్లిపాలు మరచిన పిదప అది సన్నగిల్లును. అరగని చక్కెర ప్రేగులలోనికి నీటిని లాగి విరేచనములు కలిగించును. ఆరోగ్యవంతమైన పిల్లి కొంచెము పాలను ఓర్చుకొనునేమో గాని వాచిన ప్రేగు ఓర్వదు. ఈ మాట నేను చెప్పినపుడు మా పొరుగు పెద్దమ్మ నొచ్చుకొన్నది. “నోరులేని జీవికి ఇంత పాలబువ్వ పెడ్తె పాపమా బిడ్డా?” అని యడిగినది. ఆమె ప్రేమకు అడ్డుపడుటకంటె దానికొక దారి చూపుట మేలని తలచి, ఉప్పు కారములు లేక ఉడికించిన మేకమాంసపు తునకలను ఆమెకే యిచ్చి సాయంకాలపు మేతను ఆమె చేతనే పెట్టించుచున్నాను. ఆనాటి నుండి ఆ గోడ కావల పాలగిన్నె కనబడలేదు.

మేకమాంసమేల యనగా, అది మా పిల్లి యింతకు ముందు రుచి చూడనిది. ఆహారము పడక వచ్చిన వ్యాధియా కాదా తెలియుటకు మున్నెన్నడును తినని మాంసమునొకదానిని ఎంచి, అది తప్ప మరేదియు నోట పడకుండ చూడవలెను. గుణము కనబడునదైనచో తరచుగా రెండు వారములలోనే కనబడును. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర బొత్తిగా కూడదు. అవి పిల్లి రక్తకణములను విరుగగొట్టును. ఇంటివంట పరీక్షకాలమునకు చాలును గాని శాశ్వతమునకు చాలదు. టారిన్ అను పదార్థము కొరవడిన పిల్లుల గుండెకండరము బలహీనపడునని 1987లో అమెరికా పరిశోధకులు ప్రకటించిన నాటి నుండి తయారు మేతలలో దానిని చేర్చుట పెరిగినది. ఉడికించిన నీటిని పారబోసిన మాంసములో అది తగ్గిపోవును.

మార్జాల దేహమున మరియొక విశేషము గలదు. బి12 విటమిను ఇంకుటకు తోడ్పడు ప్రోటీను మనకు జఠరమున పుట్టును, పిల్లికి క్లోమమున పుట్టును. ఆ క్లోమనాళము పిత్తనాళముతో కలసియే ప్రేగున ప్రవేశించుటచేత ఒకదాని వాపు మరియొకదానికి ప్రాకుట కద్దు. విటమిను ఇంకవలసిన చిన్నప్రేగు చివరిభాగమే చెడినచో ఎంత మంచి మేత పెట్టినను ఆ కొరత తీరదు, ఆకలి పుట్టదు. అందుచే వారమునకొక సూది చొప్పున ఆరు వారములు బి12 ఎక్కించి, పిదప ఎడము పెంచుదురు.

ఆ సూదుల కొరకు లింగంపేట మీదుగా కామారెడ్డికి పోవు సుమారు 40 కిలోమీటర్ల దారి నాకు పరిచితమైనది. బుట్టను ముందుగానే ఇంట తెరచియుంచి, పిల్లి పడుకొను గుడ్డను అందులో పరచినచో ప్రయాణమున దాని యార్తి తగ్గును. మన పశువుల దవాఖానలు బర్రెల కొరకును, గొర్రెమేకల కొరకును ఏర్పడినవి. 2017 నుండి 1962 నంబరుకు ఫోను చేసిన వచ్చు సంచార వాహనములును ప్రధానముగ వాని కొరకే. జిల్లా బ్రతుకు వాని మీద నున్నది గనుక అది న్యాయమే. అయినను గొర్రెలమందకు మందు పట్టించి వచ్చిన చేతులతోనే పిల్లి కడుపును ఓపికగా తడిమి చూచిన వైద్యులను నేనెరుగుదును, వారికి కృతజ్ఞుడను. అల్ట్రాసౌండు కొరకు మాత్రము రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వరకు పోవలసి వచ్చినది. 

వైద్యునకు మన వలన కావలసినది వర్ణన కాదు, లెక్క. ఏమి తిన్నది, తిన్న యెంతసేపటికి కక్కినది, మలము గట్టిదా పలుచనిదా, ఎన్నిసార్లు—ఇవి నోటుబుక్కున వ్రాసియుంచవలెను. అన్నిటికంటె తూకము ముఖ్యము. నాలుగు కిలోల పిల్లి రెండువందల గ్రాములు తగ్గుట 60 కిలోల మనుష్యుడు మూడు కిలోలు తగ్గుటతో సమానము. బొచ్చు చాటున కంటి కది కనబడదు. మేత మార్పుతో మా పిల్లికి సగము గుణమే కనబడినందున వాపు తగ్గించు ప్రెడ్నిసొలోన్ మాత్రలు తోడైనవి. అవి హఠాత్తుగా మానరానివి, మెట్టుమెట్టుగా తగ్గింపవలసినవి. కొన్ని పిల్లులకు జీవితాంతము అవసరపడును. ప్రస్తుతము దినము విడిచి దినము అరమాత్ర వేయుచున్నాను. వచ్చు వారపు తూకమును బట్టి పావుమాత్రకు దింపవచ్చునో లేదో వైద్యులు చెప్పుదురు.