బెండు తీసే చెయ్యి

సైకిల్ రిపేరుకు బడి ఏమిటని మనవాళ్ళకు నవ్వు రావచ్చు. మన ఊళ్ళలో పంక్చరు షాపే ఆ బడి. అమెరికాలో మాత్రం 1981లోనే ఆరెగాన్ రాష్ట్రపు ఆష్‌లాండ్‌లో యునైటెడ్ బైసికిల్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. సైకిల్ రిపేరు తేలిక పనేం కాదు, ఆ నేర్పు ఎంత దూరమైనా తీసుకెళ్తుంది. 1903లో ఎగిరిన రైట్ సోదరుల విమానానికి ఇంజను చేసింది డేటన్‌లోని వాళ్ళ సైకిల్ షాపు మెకానిక్ చార్లీ టేలరే. వీడియోలుండగా క్లాసులెందుకని అడగొచ్చు. మిన్నెసోటాకు చెందిన పార్క్ టూల్ వీడియోలు నిజంగా మంచివే; ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందన్న సంగతి చూసి నేర్చుకోవచ్చు. చక్రం బెండు తీయడం అలా రాదు. రిమ్ము కుడికి ఒరిగితే ఎడమవైపు స్పోకులు బిగించాలి, కుడివైపువి కాస్త వదలాలి. పావు తిప్పా, అర తిప్పా అన్నది చేతికే తెలియాలి. మోతాదు మించితే ఒరుగు పోతుంది గానీ గుండ్రతనం కూడా పోతుంది. ఆ తప్పును అప్పటికప్పుడు పట్టుకునే మనిషి పక్కనుండాలి.

ఇలాంటి క్లాసుల ఫీజు పాత సైకిల్ ధరను మించుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. పొట్టకూటికి నేర్చుకునేవారికి అది పెట్టుబడి. సొంత సైకిల్ చూసుకోవాలనుకునేవారికి శాన్‌ఫ్రాన్సిస్కోలోని బైక్ కిచెన్ లాంటి, వలంటీర్లు నడిపే షాపులున్నాయి. అక్కడ మీ సైకిల్‌ను వాళ్ళు బాగుచేసి ఇవ్వరు. పానా మీ చేతికిచ్చి, ఎలాగో చెబుతారు.