ఎంత టైముందంటారు?

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ పాకిందని స్కాన్‌లో తేలిన రోజున పేషెంటు సాధారణంగా ఏమీ అడగడు. కొడుకో అల్లుడో ఆయన్ని బయట కుర్చీలో కూర్చోబెట్టి, ఫైలు మరిచిపోయానంటూ వెనక్కి వస్తాడు. "నాన్నకి చెప్పకండి సార్. ఎంత టైముందంటారు?"

జబ్బు చర్మం దాటకముందైతే జవాబు కొంత సులువు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ పెథాలజిస్టు, మైక్రోస్కోపులో సన్నని గీతల స్కేలు పెట్టి కణితి ఎంత లోతుకు దిగిందో కొలిచాడు. ఇవాళ్టికీ మొదట అడిగేది ఆ మిల్లీమీటర్లే. ఒకటి లోపుంటే చాలావరకు నిశ్చింత, నాలుగు దాటితే గుబులు.

పాకాక చూసేది వేరు. చర్మానికో దూరపు లింఫు గ్రంథులకో పాకితే ఒక మెట్టు, ఊపిరితిత్తులకైతే రెండో మెట్టు, కాలేయం లాంటివాటికైతే మూడోది, మెదడుకైతే ఆఖరిది. దానికి తోడు ఎల్‌డీహెచ్. ఏ చిన్న ఊరి ల్యాబులోనైనా చేసే రక్తపరీక్షే, కానీ పెట్ స్కాన్ కంటే ముందు నా చూపు ఆ కాగితం మీదికే పోతుంది. పెరిగి ఉంటే, ఏ మందు ఇచ్చినా ఫలితం తగ్గే అవకాశమే ఎక్కువ. అయితే తీసిన రక్తంలో కణాలు చిట్లినా ఆ అంకె పెరుగుతుంది. అందుకే గాభరా పడేముందు మళ్లీ తీయిస్తాను.

2010 దాకా పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం ఎక్కువమందికి ఏడాది కూడా దక్కేది కాదు. 2011లో ఇపిలిముమాబ్, ఆ తర్వాత నివోలుమాబ్ అనే కొత్త మందులు వచ్చాయి. రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికే ఉన్నారని 2024లో ఒక ట్రయల్లో తేలింది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కి 2015లో, 90 ఏళ్ల వయసులో, మెదడుకే పాకింది. కొద్ది వారాలే ఉన్నాయనుకున్నానని ఆయనే చెప్పారు. ఇలాంటి కొత్త మందే తీసుకుని, 2024 డిసెంబరులో నూరేళ్లు నిండాక పోయారు. ఆఖరి మెట్టు మీదున్న మనిషి!

ఆ 43 శాతాన్ని మాత్రం మనవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పలేను. ఆ ట్రయల్లో ఉన్నది దాదాపు అందరూ తెల్లవాళ్లే. మన దగ్గర అరుదుగా వచ్చే మెలనోమా తరచుగా అరికాల్లోనో గోరు కిందో వస్తుంది. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కించుకుని, పుండు మానక అప్పుడొస్తారు. ఈ రకానికి కొత్త మందులు అంత బాగా పనిచేయవు. పైగా వాటి ఖర్చు లక్షల్లో. పేషెంటుకి ఎంత పొలం ఉందో రాసే గడి స్టేజింగ్ ఫారంలో లేదు గానీ, నా అంచనాలో సగం దాని మీదే ఆధారపడుతుంది.

2000లో షికాగోలో డాక్టర్ల అంచనాలను అసలు జరిగినదానితో పోల్చి చూశారు. దగ్గరగా చెప్పగలిగింది ఐదుగురిలో ఒకరి విషయంలోనే. ఎక్కువసార్లు ఉన్నదానికంటే ఎక్కువ చెప్పారు. పరిచయం ఎంత పాతదైతే తప్పు అంత పెద్దదట. నాకేమీ ఆశ్చర్యం అనిపించలేదు. పదిసార్లు జామకాయలు తెచ్చిచ్చిన మనిషికి తక్కువ చెప్పడానికి నోరు రాదు.

అందుకే ఒక్క అంకె ఇవ్వను. మందు బాగా పడితే ఇంత, మామూలుగా నడిస్తే ఇంత, పట్టకపోతే ఇంత అని మూడు ముక్కలు చెబుతాను. పన్నెండు వారాలకి తీసే మొదటి స్కాన్ చూసి వాటిని మళ్లీ సవరిస్తాను.